ఆనవాలు లేని సూది

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పేరెత్తగానే మనవాళ్ళు క్లోరోఫాం కమిషన్ల కథ చెప్పి మీసం మెలేస్తారు. ఆరవ నిజాం డబ్బిచ్చాడు, ఎడ్వర్డ్ లారీ 1888లోనూ 1889లోనూ పరీక్షలు జరిపించాడు, రెండోసారి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. అంతా నిజమే. వందలాది జంతువులు ప్రాణాలు విడిచాయన్నదీ నిజమే. ఆ కమిషన్ తేల్చిన మాట తప్పని మాత్రం ఎవరూ చెప్పరు!

క్లోరోఫాం వల్ల ముందు ఆగేది ఊపిరే కాని గుండె కాదు, కనుక నాడి చూడనక్కరలేదు, ఊపిరిని కనిపెడితే చాలునన్నారు. తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో లెవీ పిల్లులపై నిరూపించాడు. 1908 మూసీ వరద ఆ ఆసుపత్రిని కూల్చేసింది. ఆ పొరపాటును కూల్చడానికి మరో మూడేళ్ళు పట్టింది. లోటు ప్రాణుల సంఖ్యలో లేదు, రుజువులో ఉంది.

ఈ పాఠం మెదడు పరిశోధకులకు మరీ అవసరం. జంతువు మెదడులోకి సన్నని ఎలక్ట్రోడు దించి కణాల సడి వింటారు. ఎంత లోతు దిగిందో మరచుట్టు చెబుతుంది. కాని మెత్తని మెదడు సూది కింద కుంగుతుంది, సూదీ వంగుతుంది. అందుకే చివరన ఆ కొన గుండా కొన్ని మైక్రోఆంపియర్ల కరెంటును కొన్ని సెకన్లు పంపి చిన్న గాయం చేస్తారు. తరువాత మెదడును పలుచని పొరలుగా కోసి రంగు వేస్తే ఆ గాయం కనబడుతుంది. ఉక్కు ఎలక్ట్రోడైతే కణజాలంలో ఇనుము దిగుతుంది. పొటాషియం ఫెర్రోసయనైడ్ తగలగానే అది నీలి చుక్కవుతుంది. కణజాలపు నిరోధం మారుతున్నా కరెంటును మారనివ్వని చిన్న పెట్టె ఒకటి దీనికి కావాలి. అంతే.

"అట్లాసు ఉంది, కొలత ఉంది, మళ్ళీ గాయమెందుకు? కణజాలం పాడు" అనేవారున్నారు. గాయం పెద్దదైతే చోటునే మింగేస్తుంది, ఒప్పుకుంటాను. అది మంచి పరికరం కొనమనే వాదం గాని, గుర్తే వద్దనే వాదం కాదు. అట్లాసు చూపేది సగటు మెదడును. మీ సూది దిగినది ఒక ప్రాణి మెదడులోకి.

ఆ ప్రాణి మన ప్రశ్న కోసం చచ్చిపోయింది. సూది ఎక్కడ దిగిందో కూడా చూపలేకపోతే మనం చేసింది పరిశోధన కాదు, వట్టి హత్య.