సేవాసంఘములు: పెద్దలు, పిన్నలు

ఉపద్రవము సంభవించినపుడు మన ప్రజలలో ఔదార్యమునకు కొఱతలేదు. కొఱత యెల్ల కలసి పనిచేయుటయందే కలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మున్నగు పేటలు నీట మునిగినపుడు అన్నపు పొట్లములు నలుదెసల నుండి వచ్చినవి. డ్రోనులచేత సైతము ఆహారము చేరవేయబడినది. ఆ దినములలో ఒక సహాయకేంద్రమున మేము చూచిన దృశ్యము మఱపునకు రాదు. సాంబారన్నపు పొట్లములతో లారీ సిద్ధముగ నున్నది. సెల్‌ఫోనులకు వచ్చిన మొఱలనుబట్టి తక్షణమే బయలుదేరవలెనని యువకులు పట్టుబట్టిరి. పద్దు వ్రాసి, కార్యదర్శి సంతకము చేసినగాని బండి కదలరాదని పెద్దలు భీష్మించిరి. మాటకు మాట పెరిగినది. బండి కదలునప్పటికి ప్రొద్దు గ్రుంకినది, అన్నము పాచిపోయినది.

వృద్ధులు కుర్చీలు వదలరని యువకుల నింద. యువకులకు నిలుకడ లేదనియు, ఫొటో దిగుటయే సేవయని భ్రమింతురనియు పెద్దల నింద. రెంటను కొంత సత్యము కలదు. పెద్దల పద్దుపుస్తకము వట్టి మూర్ఖపు పట్టుదల కాదు. పద్దు లేనిచోట రోడ్డుపై కేకలువేయువానికి పది పొట్లములును, సందు చివర మంచముపట్టిన ముసలమ్మకు శూన్యమును దక్కుట వారెఱుగుదురు. కాని వారినొకమాట యడుగుదుము. 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను హరించినపుడు, శవములను మోయుటకు భుజమొగ్గిన యువకులు నేడు డెబ్బదియేండ్ల వృద్ధులు. నాడు వారెవరి సంతకముకొఱకు వేచియుండిరి?

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, నాయకులు లోపల చర్చించుచుండ, వెలుపలి జనసమ్మర్దమును అదుపుచేయు భారమును దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వహించినది. ఆయనకప్పటికి ముప్పదిరెండేండ్లయినను నిండలేదు. యువకులకు క్రమశిక్షణ రాదనువారు ఈ సంగతిని స్మరింతురుగాక.

సముద్రతీరమున జాంబవంతుడేమి చేసెను? తన యౌవనపరాక్రమమును తలచుకొనెను గాని, తానే లంఘింతునని పట్టుబట్టలేదు. హనుమంతునకు వాని బలమును తెలియజెప్పి పంపెను. హనుమంతుడును కార్యము సాధించి వచ్చి, జాంబవంతుడడుగగా జరిగినదంతయు పూసగ్రుచ్చినట్లు విన్నవించెను. అధికారమిచ్చుట పెద్దల ధర్మము. లెక్క యొప్పగించుట పిన్నల ధర్మము. ఇందులో నేదొకటి లోపించినను సంఘము చెడును.

కావున మా సూచన యిది. పని జరుగుచోట ఆజ్ఞ యొక్కరిదే కావలెను; ఆ యొక్కరు యువకుడో యువతియో కావలెను. వారిని నియమించు హక్కు పెద్దలకుండవచ్చును. నడుమ వారి యాజ్ఞను త్రోసివేయు హక్కు ఉండరాదు. పని ముగిసిన పదిదినములలో నాయకుడు లెక్కను అందఱియెదుట చదువవలెను. సెల్‌ఫోనులో వ్రాసినను పద్దు పద్దే. ఏ కట్ట మొదట తెగును, ఏ యింట నడువలేనివారున్నారు అను పెద్దల యెఱుకను, ఏటేట తొలకరికి ముందే యువకులు వారివెంట వీధివీధి తిరిగి వ్రాసికొనవలెను.

బుడమేరు మరల పొంగకమానదు. వరదకు మన తగవులతో పనిలేదు. ఆకలిగొన్నవాడును పొట్లమిచ్చిన చేయి ముడుతలుపడినదో లేనిదో చూడడు. అది వేళకు వచ్చినదా యని మాత్రమే చూచును.