సాధు చేపకైనా సరిపడా చోటు కావాలి

కౌలాలంపూర్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లకు వెళితే ఒకప్పుడు హాల్లో ఓ మూల చిన్న గాజు తొట్టి, అందులో నాలుగు గోల్డ్ ఫిష్‌లు కనిపించేవి. ఇప్పుడు నాకు తెలిసిన ఇళ్లలోనే నాలుగైదు చోట్ల ఉప్పునీటి అక్వేరియాలు వెలిశాయి. నీలి దీపాలు, సముద్రపు రాళ్లు, రంగురంగుల చేపలు. పిల్లలు ఫోన్లు పక్కన పడేసి వాటి ముందు కూర్చుంటున్నారు. మంచి సరదాయే, కాదనను. తొమ్మిదేళ్లుగా నేనూ ఒక ఉప్పునీటి ట్యాంకు చూసుకుంటున్నాను కాబట్టే ఈ నాలుగు మాటలు.

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘అన్నయ్యా, షాపులో ట్రిగ్గర్ ఫిష్ చూశాం. భలే ఉంది. చాలా పీస్‌ఫుల్ అంట, వేరే చేపల జోలికి పోదంట. తీసుకోమంటారా?’ నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. రెండు ప్రశ్నలు తిరిగి అడుగుతాను. మీ ట్యాంకు పొడవెంత? మీరు ఈ ఊళ్లో ఇంకా ఎన్నేళ్లు ఉంటారు? మొదటిదానికి జవాబు వస్తుంది. రెండోదానికి చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. నవ్వేసి ఊరుకునే ప్రశ్న కాదది.

పేరు ఒకటే, గుణాలు వేరు

ట్రిగ్గర్ చేపల్లో సుమారు 40 జాతులున్నాయి. వీపు మీద ముందుండే గట్టి ముల్లును నిక్కబొడిస్తే, దాని వెనకున్న రెండో ముల్లు గడియలా పడి దాన్ని బిగించేస్తుంది. రాతి సందులోకి దూరి ముల్లు బిగించుకుందంటే ఎంత లాగినా ఆ చేప బయటికి రాదు. రెండో ముల్లును నొక్కితే మొదటిది వాలిపోతుంది. తుపాకీ మీట లాంటి ఈ ఏర్పాటు వల్లే ఆ పేరు వచ్చింది. మలయ్‌లో ఈ రకం చేపల్ని ఇకాన్ జెబోంగ్ అంటారు. ఇక్కడి తూర్పు తీరంలో నిప్పుల మీద కాల్చుకుని తింటారు కూడా.

రెడాంగ్, పెర్హెంతియన్ దీవులకు స్నార్కెలింగ్‌కి వెళ్లినవాళ్లకు టైటాన్ ట్రిగ్గర్ గురించి గైడ్ చెప్పే ఉంటాడు. 75 సెంటీమీటర్ల దాకా పెరిగే ఈ చేప ఇసుకలో గూడు కట్టి గుడ్లు పెట్టిందంటే మనిషినైనా తరిమి కరుస్తుంది. గూటి నుంచి పైకి గరాటులా విచ్చుకునే నీళ్లంతా తన జాగా అనుకుంటుంది. అందుకే అది తరిమితే పైకి కాదు, పక్కకు ఈదాలని చెబుతారు. షాపుల్లో చిన్న పిల్లగా ముచ్చట గొలిపే క్లౌన్ ట్రిగ్గర్, ఒంటినిండా నారింజ గీతలుండే అండ్యులేటెడ్ ట్రిగ్గర్ కూడా ఈ కోవలోవే. పెద్దవయ్యేకొద్దీ తోటి చేపల రెక్కలు కొరికి, చివరికి ట్యాంకులో తామొక్కటే మిగిలేదాకా ఊరుకోని సందర్భాలు ఎన్నో.

మరి సాధువులు ఏవి? నీలి గొంతు ఉండే బ్లూత్రోట్, వలలాంటి గీతలుండే క్రాస్‌హాచ్, ఎర్రటి పళ్లుండే నైజర్, తోక గులాబీ రంగులో ఉండే పింక్‌టెయిల్. వీటిలో బ్లూత్రోట్, క్రాస్‌హాచ్ అన్నిటికన్నా నెమ్మదైనవి. దీనికి కారణం వాటి తిండిలోనే ఉంది. టైటాన్ లాంటివి అడుగున రాళ్లు దొర్లించి, పీతల్నీ నత్తల్నీ ముళ్ల సీ అర్చిన్‌లనూ పగలగొట్టి తింటాయి. బ్లూత్రోట్, నైజర్ లాంటివి నడి నీళ్లలో ఈదుతూ, ప్రవాహంలో కొట్టుకొచ్చే ప్లాంక్టన్‌ను ఏరుకుంటాయి. సబాలోని సిపాదాన్ దగ్గర నైజర్ ట్రిగ్గర్లు గుంపులు గుంపులుగా కనిపించేది ఇలాగే. కొట్టుకొచ్చే తిండికి కాపలా అక్కర్లేదు కాబట్టి పోట్లాట తక్కువ.

అంతమాత్రాన పీస్‌ఫుల్ అంటే గొర్రెపిల్ల అని కాదు. ట్రిగ్గర్లలో నెమ్మదైనది అని మాత్రమే అర్థం. షాపువాడు చెప్పేది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మనం ఇచ్చే చోటు మీద, తిండి మీద, చేపల్ని దించే వరస మీద ఆధారపడి ఉంటుంది.

సంసారం సర్దుకోవాలంటే

ముందు చోటు సంగతి. బ్లూత్రోట్ 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నైజర్ సముద్రంలో 50 సెంటీమీటర్ల వరకూ, ట్యాంకుల్లో మామూలుగా 30 దాకా వస్తుంది. షాపులో అది అరచేతిలో సగం ఉంటుంది, అక్కడే మనం మోసపోతాం. బ్లూత్రోట్‌కు 450 లీటర్లకు తగ్గకుండా ఆరడుగుల పొడవు ట్యాంకు, నైజర్‌కు 650 లీటర్ల పైన కావాలన్నది నా లెక్క. ఇరుకు తొట్టిలో ఏ సాధువైనా గయ్యాళి అవుతుంది.

ఇక చేరిక వరస. ట్యాంకు కొన్న రోజే చేపను వేయకూడదు. చేపల మలినాన్ని విరిచే బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత చిన్నవి, బెరుకువి ముందు వేయాలి. అవి తమ తమ సందులు చూసుకుని స్థిరపడ్డాక, అందరికన్నా ఆఖరున ట్రిగ్గర్‌ను దించాలి. అది ముందే వచ్చి రాళ్లన్నీ తనవే అనుకుంటే, తర్వాత వచ్చినవాటికి బతుకు లేదు. కొత్త చేపను మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి చూడటం తప్పనిసరి. తెల్లమచ్చల జబ్బు ఒక్కసారి పెద్ద ట్యాంకులోకి వచ్చిందంటే వదిలించడం మహా కష్టం.

తోడుగా ఏవి వేయాలి? చురుగ్గా ఈదే టాంగ్ చేపలు, కుందేలు మూతి ఫాక్స్‌ఫేస్, పెద్ద రకం ఏంజెల్ చేపలు, కాస్త సైజున్న రాస్‌లు, రాత్రిపూట తిరిగే ఎర్రటి సోల్జర్ ఫిష్‌లు, దిట్టమైన క్లౌన్ ఫిష్‌లు. ఇవి తమ సంగతి తాము చూసుకోగలవు. నీటిగుర్రాలు, మాండరిన్ లాంటి నిదానస్తులు, వేలెడంత గోబీలు వద్దు. తిండి వేయగానే ట్రిగ్గర్ దూసుకొస్తుంది, ఇవి పస్తులుంటాయి. రొయ్యలు, చిన్న పీతలు, నత్తలు ఎంత సాధు ట్రిగ్గర్‌కైనా తిండి కిందే లెక్క. ‘మా ఇంట్లో ఆర్నెల్లుగా రొయ్యను ఏమీ అనలేదు’ అనేవాళ్లుంటారు. ఆర్నెల్లు తినలేదంటే ఇక ఎప్పటికీ తినదని కాదు.

రెండు బ్లూత్రోట్‌లు కావాలంటే మగ, ఆడ జంటను ఒకేసారి వేయాలి. నీలి గొంతు, రెక్కలకు పసుపు అంచు ఉన్నది మగది. రెండు మగవాటిని వేస్తే ఒక ఒరలో రెండు కత్తులే. తిండి రోజుకు రెండు మూడుసార్లు, కొంచెం కొంచెంగా వేయాలి. మైసిస్ రొయ్య, క్రిల్, స్క్విడ్ ముక్కలు, ఆల్చిప్పల మాంసం. పళ్లు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అప్పుడప్పుడు పెంకుతో ఉన్న రొయ్య ఇవ్వాలి. పైన మూత తప్పనిసరి, బెదిరితే ఎగిరి నేల మీద పడుతుంది. కొత్తగా వచ్చిన నైజర్ నాలుగు రోజులు రాతి సందులోంచి తోక మాత్రమే చూపిస్తుంటే కంగారు పడక్కర్లేదు.

అద్దె ఇంటి లెక్క

ఇవన్నీ ఎక్కడైనా చెప్పే జాగ్రత్తలే. కౌలాలంపూర్‌లో కాండోమినియంలో ఉండేవాళ్లు అదనంగా వేసుకోవాల్సిన లెక్కలున్నాయి.

ఆరడుగుల పొడవు, రెండేసి అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 680 లీటర్లు పడతాయి. గాజు, రాళ్లు, స్టాండ్ కలిపితే బరువు టన్నుకు దగ్గర. ఫ్లాట్లలో నేలను మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన కడతారు. అది గది మొత్తానికి వేసే లెక్క కాబట్టి ట్యాంకు పెట్టగానే నేల కుంగిపోదు. అయినా హాలు మధ్యలో కాకుండా బీమ్ మీద, గోడకు ఆనించి పెట్టాలి. ఇంటి యజమానితోనూ, బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌తోనూ ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి ఉప్పునీళ్లు దిగాక మాట్లాడుకునే మాటలు వేరుగా ఉంటాయి.

వేడి ఇంకొకటి. మన ఊళ్లో పగలు 32, 33 డిగ్రీలు. ఈ చేపలకు 25 నుంచి 27 డిగ్రీల నీళ్లు కావాలి. పైగా పంపులు కూడా నీటిని వేడెక్కిస్తాయి. కాబట్టి చిల్లర్ విలాసం కాదు, అవసరం. అది దాదాపు పగలూ రాత్రీ నడుస్తుంది, కరెంటు బిల్లులో కనిపిస్తుంది. మధ్యాహ్నం ఉరుములతో వాన కొట్టి మెయిన్ పడిపోతే నీటిలో గాలి ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి పక్కనుండాలి. సంక్రాంతికి మూడు వారాలు ఊరెళితే ఎవరు చూస్తారన్నదీ ముందే తేల్చుకోవాలి. మిషన్ తిండి వేస్తుంది, కానీ చిల్లర్ ఆగిందని మనకు ఫోన్ చేసి చెప్పదు.

చేప పదేళ్లు, పాస్ రెండేళ్లు

అసలు విషయానికి వస్తాను. బాగా చూసుకుంటే ఈ చేపలు పదేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా బతుకుతాయి. మనలో చాలామంది బతుకు రెండేళ్లకో మూడేళ్లకో రెన్యువల్ అయ్యే పాస్ మీద నడుస్తోంది. కంపెనీ సింగపూర్ పంపొచ్చు, సిడ్నీ పంపొచ్చు, హైదరాబాద్ తిరిగి వెళ్లాల్సి రావచ్చు. సామాన్లకు కంటైనర్ దొరుకుతుంది, కుక్కకు కాగితాలు చేయించొచ్చు. అడుగు పొడవు సముద్రపు చేపను వెంట తీసుకెళ్లినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

మరి అప్పుడేం చేస్తున్నారు? కొందరు షాపుకు ఇస్తున్నారు, అక్కడ ఇరుకు తొట్టిలో రోజులు లెక్కపెడుతుంది. కొందరు ‘పాపం, దాని ఇంటికే పంపిద్దాం’ అని పోర్ట్ డిక్సన్ తీసుకెళ్లి సముద్రంలో వదిలేస్తామంటారు. ఇది పుణ్యం కాదు. ట్యాంకులో పట్టిన జబ్బుల్నీ దాంతోపాటే వదులుతున్నాం. ఎక్కడినుంచో తెచ్చిన చేపను కొత్త నీళ్లలో వదిలితే ఏమవుతుందో ఈ దేశానికి బాగా తెలుసు. ఇకాన్ బందరాయ అని ఇక్కడ పిలిచే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికాది. అక్వేరియాల్లోంచి క్లాంగ్, లంగాట్ నదుల్లోకి చేరింది. మన చెరువుల్లో దెయ్యం చేప అని రైతులు తల పట్టుకునేదీ అదే. సముద్రంలోనైతే లయన్ ఫిష్ ఉదాహరణ ఉంది. అది 1985లో ఫ్లోరిడా దగ్గర మొదట కనిపించింది, తర్వాత కరేబియన్ అంతా పాకింది.

ఇంకో మాట. క్లౌన్ ఫిష్‌లను ఇప్పుడు హేచరీల్లో పుట్టిస్తున్నారు. షాపులకొచ్చే ట్రిగ్గర్లు దాదాపు అన్నీ పగడపు దిబ్బల దగ్గర పట్టినవే. మలేషియా మెరైన్ పార్కుల్లో చేపలు పట్టడం నిషేధం కాబట్టి, అవి ఎక్కడివో, ఎలా పట్టారో అడిగే హక్కు మనకుంది. ఫిలిప్పీన్స్‌లో, ఇండోనేషియాలో సయనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పట్టే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. వలతో పట్టినదని గట్టిగా చెప్పలేని షాపులో కొనకపోవడం మంచిది. సముద్రం నుంచి తీసుకున్న ఒక ప్రాణాన్ని మన అవసరం తీరగానే వదిలించుకుంటే, పిల్లలకు మనం నేర్పింది ప్రకృతి మీద ప్రేమ కాదు.

‘చేపే కదా, ఇంత లెక్కా?’ అంటారు. వంటకు కొన్న చేపకు ఇంత లెక్క లేదు, నిజమే. అది మన బాధ్యతగా బతకదు. గాజు గోడల మధ్య పెట్టిన చేపకు నీళ్లు, వేడి, తిండి, తోడు అన్నీ మన చేతిలోనివే. అలాగని ఎవరూ పెంచొద్దనే వాదన కూడా నాది కాదు. ఇక్కడే సొంతిల్లు కొనుక్కుని, పదేళ్లు ఉంటామన్న నమ్మకం ఉన్నవాళ్లు, ఆరడుగుల ట్యాంకుకు చోటూ డబ్బూ ఉన్నవాళ్లు బ్లూత్రోట్ జంటను నిక్షేపంగా పెంచుకోవచ్చు. తరతరాలుగా ఇక్కడే ఉన్న మలేషియా తెలుగు కుటుంబాలకైతే ఆ ఇబ్బందే లేదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు వాళ్లతో పరిచయం పెంచుకుంటే, అవసరమైనప్పుడు చేపకు మంచి ఇల్లు దొరకడమూ తేలికవుతుంది.

నా సూచన ఒక్కటే. చేప కొనే ముందు, మీరు వెళ్లిపోతే దాన్ని తీసుకునే మనిషి పేరు చెప్పగలగాలి. వాళ్ల ట్యాంకు ఎంతదో, వాళ్లు ఒప్పుకున్నారో లేదో తెలిసి ఉండాలి. పండగలకీ పిల్లల డాన్స్ క్లాసులకీ వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న మనకు, అక్వేరియం ఉన్న కుటుంబాలకు ఒక గ్రూపు పెట్టుకోవడం కష్టమేమీ కాదు. ఊరెళ్లినప్పుడు ఒకరి ట్యాంకు ఒకరు చూసుకోవచ్చు. వెళ్లిపోయేవాళ్ల చేపలు ఉండేవాళ్ల దగ్గరికి చేరతాయి.

పేరు చెప్పలేనివాళ్లకు, మూడేళ్లకన్నా ఎక్కువ ఉంటామో లేదో తెలియనివాళ్లకు వేరే దారులున్నాయి. కన్వెన్షన్ సెంటర్ కింద 2003 నుంచి నడుస్తున్న అక్వేరియా కేఎల్‌సీసీలో 90 మీటర్ల సొరంగం ఉంది, పిల్లలు తలపైన షార్క్‌లను చూస్తూ నడవొచ్చు. వానాకాలం పోయాక, మార్చి నుంచి అక్టోబర్ లోపు, తెరెంగ్గాను వెళ్లి రెడాంగ్ పడవెక్కితే ట్రిగ్గర్ చేపను దాని ఇంట్లోనే చూడొచ్చు. చిల్లర్ బిల్లుతో పోలిస్తే ఆ ప్రయాణం ఖర్చు ఎక్కువేమీ కాదు. అక్కడ ఎంత దూరంలో ఉండాలో చేపే మనకు చెబుతుంది.