వరద గట్టున.. పాఠం బడిలో!
బోధనకు ముడిసరకు ఊళ్లోనే ఉంది.. కొరవడింది ఉపాధ్యాయుడి తీరిక

తోట్లవల్లూరు: ప్రకాశం బ్యారేజీ నుంచి 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల క్యూసెక్కుల రికార్డు దాంతో చెరిగిపోయింది. తోట్లవల్లూరు మండలంలోని లంకల్లో పసుపు, కంద, అరటి తోటలు నీట మునిగాయి. ఇల్లు వదిలి గట్టు మీదికి చేరిన వారిలో బడి పిల్లలూ ఉన్నారు. వరద తీసి బడి తెరిచాక ఆ పిల్లలు చేసే లెక్కల్లో మాత్రం తొట్టెలు నిండుతూ, కుళాయిలు కారుతూ ఉంటాయి. పక్కన పారే కృష్ణమ్మకు అందులో చోటుండదు.

ఆకట్టుకునే బోధన అనగానే ఆటపాటలు, రంగుల చార్టులు, తెర మీద వీడియోలు గుర్తుకొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ విద్యార్థిని పాఠంలో కూర్చోబెట్టేది అలంకరణ కాదు, తేల్చుకోకుండా ఉండలేని ప్రశ్న.

వరదలో భాగహారం
ఒక్క రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. 11.43 లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే ఎన్ని టీఎంసీలు? అయిదో తరగతి విద్యార్థి చేయగల భాగహారమే. జవాబు దాదాపు 99. పులిచింతల జలాశయం పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీలు. అంటే నిండిన రెండు పులిచింతలలు ఒక్క రోజులో మన గట్టు పక్కగా వెళ్లిపోయినా ఇంకా నీరు మిగులుతుందన్నమాట. బ్యారేజీకి 70 గేట్లు. ఒక్కో గేటుకు ఎంత? అదీ తేల్చవచ్చు. 2009లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో నాయనమ్మనో తాతయ్యనో అడిగి, ఆ మట్టం ఊరి పటంలో గుర్తిస్తే చరిత్ర, భూగోళం ఒకే గంటలో కలుస్తాయి. పాములలంక పిల్లవాడికి ఇది కేవలం పాఠం కాదు. ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారన్న వార్త వినగానే ఇల్లు ఖాళీ చేయాలో లేదో తెలుసుకునే విద్య.

విజ్ఞాన శాస్త్రానికి పసుపు చాలు. పసుపు మరక పడిన చొక్కాకు సబ్బు తగలగానే ఎర్రబడటం ఇక్కడి పిల్లలందరూ చూసిందే. సున్నం కలిపినా అంతే, పారాణి పుట్టేది అలాగే. ఎందుకన్న ప్రశ్నతో తరగతి మొదలైతే ఆమ్లాలు, క్షారాలు వాటంతటవే వస్తాయి. నిర్వచనం రాయించి, చివర్లో ప్రయోగం చూపితే పిల్లలకు తేల్చుకోవాల్సింది ఏమీ మిగలదు. ఇక పచ్చి పసుపును ఉడికించి ఎండబెడితే బరువు అయిదింట ఒక వంతుకో, నాలుగింట ఒక వంతుకో దిగుతుంది. శాతాల లెక్క రైతు కళ్లంలోనే ఉంది.

ఆరు సూత్రాల అనుభవం
ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాలు చెప్పింది. స్వయంగా చేసి నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనులను తరగతిలో ప్రదర్శించడం అందులోవే. సూత్రాలు మంచివే. తనిఖీకి కనిపించేది మాత్రం ప్రదర్శనే కాబట్టి చాలాచోట్ల గదికి అడ్డంగా కట్టిన తాళ్లకు బొమ్మలు వేలాడాయి, ప్రశ్నలు మారలేదు. పాఠాన్ని బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మళ్లీ చెప్పింది. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులు వచ్చాయి. వెంటనే వాటికీ బజారులో గైడ్లు దిగాయి! పరీక్షలో జవాబు పుస్తకంలోదే అయి ఉండాలన్నంత కాలం ఇంతకంటే ఏం ఆశించగలం?

అయిదు తరగతులు.. ఒకే గది
నేరం ఉపాధ్యాయుడిదేనని అనడం తేలిక. చిన్న ప్రాథమిక పాఠశాలల్లో ఒకరిద్దరే అయిదు తరగతులకూ బోధించాలి. ఈ చిక్కుకు మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం కార్డులతో దారి చూపింది. విద్యార్థి తన వేగంతో మెట్టు మెట్టుగా సాగుతాడు, గురువు అవసరమైన వారి దగ్గర కూర్చుంటాడు. చెన్నై నగరపాలక పాఠశాలలు 2003 నుంచి ఈ పద్ధతిని అనుసరించాయి. మన రాష్ట్రంలోనూ ‘స్నేహబాల’ పేరిట కార్డులు వచ్చాయి. అయితే రిషివ్యాలీలో కార్డులు అక్కడి ఊళ్ల మాటలతో, కథలతో, ఉపాధ్యాయులు కూర్చుని రాసుకున్నవి. పెట్టెలో సిద్ధంగా వచ్చినప్పుడు ఆ బలం సగం పోతుంది.

2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను అనేకచోట్ల ఉన్నత పాఠశాలల్లో కలిపారు. 2025లో దాన్ని రద్దు చేసి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండేలా ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు తలపెట్టారు. తరగతికి ఒకరు దొరికినచోట పైన చెప్పిన పాఠాలకు అవకాశం ఉంది. దొరకని లంక బడికి ఏ దారి?

ఖర్చు లేని పని ఒకటుంది. పాఠశాల సముదాయ సమావేశాల్లో ఉత్తర్వులు చదవడం, వివరాలు నింపడం తగ్గించి, ఒక్కో సమావేశంలో ఒక్క స్థానిక పాఠాన్ని మండల ఉపాధ్యాయులు కలిసి తయారు చేసుకోవచ్చు. వరద లెక్క ఆగస్టుకు ముందే సిద్ధం కావాలి. పసుపు పాఠానికి సంక్రాంతి తర్వాత, తవ్వకాలు సాగే రోజులు అనువైనవి.