కన్నపు విద్య – అడిగేవారు, చెప్పేవారు

‘పెనెట్రేషన్ టెస్టింగ్’ అనే మాటను తెలుగు చేయబోతే తొలుత ‘ప్రవేశ పరీక్ష’ అని తోస్తుంది. అలా అంటే చదివేవారికి ఇంజనీరింగు సీటు గుర్తుకు వస్తుంది గాని కంప్యూటరు గుర్తుకు రాదు. ‘చొరబాటు పరీక్ష’ కొంత నయం. నాకు మాత్రం ‘కన్నపు పరీక్ష’ నచ్చింది. దొంగ కన్నం వేయకముందే ఇంటి యజమాని ఒక నేర్పరిని పిలిచి, “నా గోడకు ఎక్కడ కన్నం పడుతుందో చూసి చెప్పు” అని అడగడమే గదా ఈ పని! మాటలో దొంగతనపు వాసన ఉన్నదంటారా, ఉండనివ్వండి. ఆ వాసన పనిలోనూ ఉన్నది.

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. నా వద్ద చదువుకున్న పిల్లల్లో కొందరు ఈ వృత్తిలో ఉన్నారు. మరికొందరు అందులోకి పోవాలని ఆ పనిముట్లు నేర్చుకుంటూ, చిక్కు వచ్చినప్పుడల్లా ముక్కూ మొహం తెలియని నిపుణులను అంతర్జాలంలో సాయం అడుగుతున్నారు. తెలుగు మాధ్యమంలో చదివినవారు గనుక ప్రశ్నను ముందు తెలుగులో వ్రాసుకుని, మాట కుదిరిందో లేదో చూడమని నాకు పంపి, తరువాత ఇంగ్లీషులో పెట్టుకునే అలవాటు ఒకరిద్దరికి ఉన్నది. వచ్చిన జవాబులు కూడా చూపిస్తారు. నేను చూసినంతలో ఆ జవాబులు రెండే రకాలు. ఒకటి తిట్టు. రెండవది, ఎవరు, ఏమిటి అని అడగకుండానే “ఈ ఆదేశం కొట్టు, పని అవుతుంది” అని ఇచ్చివేసే మంత్రం. ఈ రెండూ విద్య చెప్పే పద్ధతులు కావని నా అభిప్రాయం.

పనిముట్టు గురించి రెండు మాటలు చెప్పాలి. ఎన్‌మ్యాప్ అనేది వీటిలో అందరూ మొదట పట్టుకునేది. 1997 సెప్టెంబరులో గోర్డన్ లయన్ అనే అమెరికన్ దీనిని ఫ్రాక్ అనే పత్రికలో మూలంతో సహా ప్రకటించాడు. ఆయన కలం పేరు ఫ్యొదొర్. దోస్తోయెవ్‌స్కీ మీది అభిమానంతో పెట్టుకున్నదట! సాహిత్యప్రియుల ముందు ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక యంత్రానికి అరవై అయిదు వేలకు పైగా ద్వారాలుంటాయి. ఎన్‌మ్యాప్‌ను మామూలుగా నడిపితే వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్న 1000 ద్వారాలను తట్టి చూస్తుంది. తెరిచి ఉన్నదో మూసి ఉన్నదో చెబుతుంది. ఏ బదులూ రాకపోతే ‘ఫిల్టర్డ్’ అంటుంది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ తలుపు తట్టిన చప్పుడునే లోపలికి పోనివ్వడం లేదని సాధారణంగా దాని అర్థం.

కొత్తగా నేర్చుకునే కుర్రవాడు వెయ్యి ద్వారాలూ ‘ఫిల్టర్డ్’ అని రాగానే పనిముట్టు చెడిపోయిందనుకుంటాడు. “ఎన్‌మ్యాప్ పనిచేయడం లేదు, దయచేసి సాయం చేయండి, అర్జెంటు” అని వ్రాస్తాడు. ఈ వాక్యంలో కర్త లేడు, కర్మ లేదు. ఎవరి యంత్రాన్ని తట్టాడో లేదు. చదివినవాడికి ఇతడు దొంగ అనైనా తోస్తుంది, సోమరి అనైనా తోస్తుంది. నిజానికి చాలాసార్లు వాడు రెండూ కాడు. వాడికి ప్రశ్న వ్రాయడం ఎవరూ నేర్పలేదు. మన బడులలో జవాబులు వ్రాయిస్తాము గాని ప్రశ్నలు వ్రాయించము గదా.

ప్రశ్న అడిగే తీరు మీద ఎరిక్ రేమండ్ 2001లో వ్రాసిన వ్యాసం ఒకటి ఈ లోకంలో స్మృతి గ్రంథం వంటిది. నీవు ఏమి ప్రయత్నించావో చెప్పు, యంత్రం ఏమన్నదో ఉన్నదున్నట్లు చెప్పు, ఊహలు చెప్పకు అని అందులో ఉన్నది. ఎంతో మంచి మాట. అయితే పరుల ఉత్తరాలు చదవడం ఎలా, పరుల యంత్రంలో చొరబడడం ఎలా అని అడిగేవాడికి మాత్రం ఆ వ్యాసం తిట్టే సమాధానంగా ఇచ్చింది. నేను ఒప్పుకోలేను. తిట్టు తిన్న కుర్రవాడు ఆ విద్య మానడు. నాలుగు వీడియోలు చూసి పక్కింటివారి వైఫై మీద ప్రయోగం చేస్తాడు. ఆ తరువాత వాడికి బుద్ధి చెప్పేది పోలీసు స్టేషనే.

మరి అడగగానే చెప్పివేయవచ్చునా? శూద్రకుని మృచ్ఛకటికం మూడవ అంకం చదివినవారికి శర్విలకుడు గుర్తుండే ఉంటాడు. చారుదత్తుని ఇంటి గోడకు శాస్త్రోక్తంగా కన్నం వేస్తాడు. గోడ ఎక్కడ నానిందో చూస్తాడు. కన్నానికి ఏ ఆకారం తగునో ఆలోచిస్తాడు. కొలతాడు మరచి వచ్చాడు గనుక జందెంతో కొలుస్తాడు. తనకు విద్య చెప్పిన ఆచార్యుణ్ణి కూడా భక్తితో తలచుకుంటాడు. చదివినప్పుడల్లా నాకు ఆ ఆచార్యుడి మీదే కుతూహలం. శిష్యుణ్ణి ఏమి అడిగి ఆయన విద్య చెప్పాడో శూద్రకుడు వ్రాయలేదు.

అడగవలసినది మన పూర్వులు ఏనాడో నిర్ణయించి పెట్టారు. ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలని నియమం: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దీనిని ఈ కన్నపు విద్యకు అన్వయించి చూడండి. ఏ పనిముట్టు, ఎక్కడ చిక్కింది అన్నది విషయం. పరీక్షకు చదువుతున్నాడా, ఉద్యోగంలో పనా, ఇంటి యంత్రం మీద సరదాయా అన్నది ప్రయోజనం. సంబంధం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అసలు కీలకం అధికారి దగ్గర ఉన్నది. వేదాంతంలో అధికారి అంటే అర్హుడు. ఇక్కడ మాత్రం ఆ మాటను నేటి వాడుకలోని అర్థంలోనే తీసుకోవచ్చు. ఆ తలుపు ఎవరి అధికారంలో ఉన్నది? వారు తట్టమన్నారా?

ఇక్కడ మన భాష చేసే చిత్రమొకటి ఉన్నది. ఒక పిల్లవాడు “మా కాలేజీ నెట్‌వర్క్‌ను స్కాన్ చేస్తుంటే” అని వ్రాశాడు. ‘మా కాలేజీ’ అనడంలో వాడికి ఏ సందేహమూ లేదు. మా ఊరు, మా వీధి, మా బస్సు అంటాము గదా! ఆ ‘మా’లో చేరిక ఉన్నది గాని స్వామ్యం లేదు. ఇంగ్లీషులోకి పోయినప్పుడు అది మరింత గట్టి మాటగా వినిపించి, అనుమతి ఉన్నదేమోనని అవతలివారు భ్రమపడవచ్చు. వ్రాసినవాడే భ్రమపడడం అంతకంటె ప్రమాదం.

ప్రమాదమని ఊరికే అనడం లేదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని గాని, బాధ్యుడు గాని అనుమతించకుండా కంప్యూటరులోకి, నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడమే తప్పు. దానిని వంచన బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ క్రింద మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. జవాబులు చెప్పే మిత్రులు గమనించవలసినది వేరే ఉన్నది. చట్టవిరుద్ధ ప్రవేశానికి తోడ్పడడాన్ని కూడా అదే 43వ సెక్షన్ ఒక ఉపవిభాగంలో చేర్చింది. కాబట్టి “తలుపు ఎవరిది?” అని అడగడం చెప్పేవాడి ఆత్మరక్షణ కూడా.

“అబద్ధం చెబితే ఏమి చేస్తారు?” అని ఈ వృత్తిలోనే ఉన్న నా పూర్వవిద్యార్థి ఒకడు నాతో వాదించాడు. చెప్పవచ్చు. కాని నిజంగా అనుమతి ఉన్నవాడి దగ్గర వివరాలుంటాయి. ఏ చిరునామాల వరకు చూడవచ్చు, ఏ వేళల్లో చూడవచ్చు, ఏదైనా కూలిపోతే ఎవరికి ఫోను చేయాలి అన్నవి కాగితం మీద ఉంటాయని ఆ పిల్లవాడే నాకు చెప్పాడు. లేనివాడు ఒక్క ఎదురు ప్రశ్నకే తడబడతాడు. ముప్ఫై ఏళ్ళు తరగతి గదిలో నిలబడినవాడికి ఆ తడబాటు అక్షరాలలోనూ కనబడుతుంది. కనబడకుండా దాటిపోయే గట్టివాడు ఒకడుంటే, వాడికి మన సాయం అక్కరలేదు.

అనుమతి ఉండడం గొప్ప చిన్నతనమేమీ కాదు. 1851లో లండన్ మహాప్రదర్శన జరిగిన ఏడు ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాలవాడు బ్రామా కంపెనీ వారి తాళాన్ని తెరిచి ఇంగ్లండును హడలగొట్టాడు. తెరిచినవారికి 200 గినీలిస్తామని ఆరు దశాబ్దాలుగా వారు సవాలు చేస్తూనే ఉన్నారు. హాబ్స్ రాత్రివేళ వెళ్ళలేదు. మధ్యవర్తుల సంఘం ఏర్పడింది, ముప్ఫై రోజుల గడువు ఇచ్చారు, పదహారు రోజులలో మొత్తం 51 గంటలు శ్రమించి తెరిచాడు. ఆ తాళం బలహీనత లోకానికి తెలిసింది సవాలు చేసినవారి సమ్మతితోనే.

అనుమతి ఉన్నవారు కూడా అడిగేటప్పుడు చేసే పొరపాటు ఒకటున్నది. యంత్రం చెప్పిన జవాబునంతా, చిరునామాలతో సహా, పదిమందిలో అతికిస్తారు. అంటే తనను నమ్మి పిలిచిన యజమాని గోడకు కన్నమెక్కడో దండోరా వేసినట్లే. వ్యాకరణంలో ఉదాహరణకు మనకు రాముడున్నాడు. నెట్‌వర్క్ వారికి కూడా అటువంటి రాముళ్ళున్నారు. 192.0.2 తో మొదలయ్యే చిరునామాలను కేవలం ఉదాహరణల కోసమే ప్రత్యేకించి ఉంచారు. అసలు చిరునామా స్థానంలో వాటిని పెడితే ప్రశ్నకు ఏ లోటూ రాదు.

‘మా కాలేజీ’ అని వ్రాసిన పిల్లవాడి ప్రశ్నను ఇద్దరం కూర్చుని తిరగ వ్రాశాము. కాలేజీ మాట తీసివేశాము. ఇంట్లో తనవే రెండు ల్యాప్‌టాపులున్నాయి, రెండవది విండోస్‌ది. ఆ సంగతి, కొట్టిన ఆదేశం, వచ్చిన జవాబు, పరీక్ష కోసం నేర్చుకుంటున్నానన్న మాట, అన్నీ కలిపి ఏడు పంక్తులయింది. ఒక్క రోజులో జవాబు వచ్చింది. రెండవ యంత్రపు ఫైర్‌వాల్ దానిని అడ్డుకుంటున్నదట. అభ్యాసం కోసమే లోపాలతో తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ అనే వ్యవస్థను ఇంట్లోనే పెట్టుకోమని, బయట తట్టి చూడాలంటే ఎన్‌మ్యాప్ వారే రోజుకు కొద్దిసార్లు తట్టుకోనిచ్చే ‘స్కాన్‌మీ’ యంత్రం ఉన్నదని కూడా ఆ అపరిచితుడు ఓపికగా వ్రాశాడు. కాలేజీ నెట్‌వర్క్ కోసం ప్రిన్సిపాలుగారికి అనుమతి కోరుతూ ఒక ఉత్తరం కూడా పెట్టించాను, తెలుగులోనే. దానికి ఇంకా బదులు రాలేదు. వాడు ఇంట్లో ఆ రెండు యంత్రాల మధ్యనే తలుపులు తట్టుకుంటున్నాడు.