ముందు కుదురు, తర్వాతే జీను

కొత్త గుర్రం దిగిన మర్నాడే జీను వేసి ఎక్కితే త్వరగా మాలిమి అవుతుందన్న సలహా సరికాదు; అది గుర్రానికీ, రౌతుకీ ప్రమాదం. గుర్రం మందలో బతికే జంతువు, బెదిరితే పరుగెత్తడం దాని స్వభావం. పుష్కర్ సంతలో కొన్న మార్వాడీ గుర్రం లారీలో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్ చేరేసరికి తోడు, మేత, నీరు, వాతావరణం అన్నీ ఒక్కసారే మారిపోతాయి.

మొదట ఆరోగ్యం. 2–3 వారాలు మిగతా గుర్రాలకు దూరంగా కట్టాలి. దాణా తొట్టి, నీళ్ల బకెట్, మాలీసు బ్రష్షు వేరుగా ఉంచాలి. మనుషులకూ సోకే గ్లాండర్స్‌కు రక్తపరీక్ష చేయించాలి. రోజూ జ్వరం చూడాలి: 37.5–38.5 డిగ్రీల సెల్సియస్ ఉంటే మామూలే.

తర్వాత మేత. గుర్రం వాంతి చేసుకోలేదు. దాణా హఠాత్తుగా మారిస్తే వచ్చే కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది. అమ్మినవారి దగ్గరి పాత మేత కొంత తెచ్చుకుని, అందులో కొత్తది 7–10 రోజుల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ కలపాలి. కాలితో పొట్ట తన్నుకుంటూ, మాటిమాటికీ డొక్కల వైపు తిరిగి చూస్తూ, పొర్లుతూ ఉంటే వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి.

చివరగా మచ్చిక. ఒకే మనిషి, ఒకే వేళకు మేత వేసి, మాలీసు చేసి, డెక్కలు శుభ్రం చేసి, పగ్గం పట్టుకుని ఆవరణంతా నడిపించాలి. చెవులు వెనక్కి అణిచి, కండరాలు బిగించి నిలబడితే ఇంకా ఆగాలి. తల దించి నెమ్మదిగా మేస్తూ, మనిషి దగ్గరికి తానే వస్తే కుదురుకున్నట్టే. అప్పుడు జీను వీపుకు సరిపోయిందో లేదో చూసుకుని, కంచె ఉన్న చోట, నడకతో, కొద్దిసేపే మొదటి స్వారీ చేయాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్