రంగు చూచి చిలుకను కొనకుడు



విత్తనాల సంచి కొనునపుడు మీరు గింజ నిగనిగ మాత్రమే చూచి డబ్బు చెల్లింపరు. సంచికి నీలి చీటీ ఉన్నదా, రకము పేరేమి, మొలక శాతమెంత అని అడుగుదురు. పాడిగేదెను కొనునపుడు దాని తల్లి ఎన్ని పాలిచ్చినదో విచారింతురు. కాని పిల్లల ముచ్చట తీర్చుటకు సికింద్రాబాదులో చిలుకను కొనునపుడు మాత్రము "అరుదైన రంగు" అను ఒక్క మాటకు లోబడి, అడిగినంత ఇచ్చి వచ్చుచున్నారు. ఇది తగదని నా అభిప్రాయము. నిజమైన రంగు ఈకమీద కాదు, వంశములో ఉండును.

మా బంధువొకడు పంట అమ్మిన డబ్బుతో ఆ నగర వీధిలో పసుపుపచ్చని చిలుకను కొనెను. కొన్ని నెలలకు పాత ఈకలు రాలి, క్రొత్తవి ఆకుపచ్చగా వచ్చినవి. మన చెట్లమీది రామచిలుకకే మందు పూసి, పచ్చదనము పోగొట్టి, పసుపు పట్టించి అమ్మినారు. వర్తకుడు మరల కనబడలేదు. చిలుకను అటవీశాఖవారికి అప్పగించవలసి వచ్చెను. సొమ్ము పోయినది, పిల్లవాడు రెండు రోజులు అన్నము ముట్టలేదు.

రంగులెట్లు పుట్టునో తెలిసినచో ఇట్టి మోసము జరుగదు. చిలుక ఈకలో పసుపు పదార్థమొకటి, నల్లని పదార్థమొకటి ఉండును. నల్లని పదార్థము, ఈక నిర్మాణము కలిసి నీలముగా కనబడును. ఆ నీలము పసుపుతో చేరి ఆకుపచ్చ అగును. పుట్టుకతోనే పసుపు లోపించిన పక్షి నీలముగా ఉండును. నలుపు లోపించినది పసుపుగా ఉండును. దానినే ల్యుటినో అందురు. దాని కన్నులు కూడ ఎఱ్ఱగా ఉండును. కనుక ల్యుటినో అని చెప్పి నల్లకన్నుల పక్షిని చూపినచో నమ్మవద్దు.

మన బజారులో లవ్‌బర్డ్సు అని పిలుచు చిన్న చిలుకలలో చాలవరకు బడ్జరిగారులే. ఆస్ట్రేలియాలో ఇవి ఆకుపచ్చనివి. 1840లో జాన్ గౌల్డు వీనిని ప్రాణములతో ఇంగ్లండుకు తెచ్చెను. 1880 ప్రాంతమున బెల్జియములో నీలిరంగువి కనబడినవి. నాడు అవి వింత. నేడు ప్రతి పక్షుల దుకాణములోను ఉన్నవి. నీలిగుణము దాచుకొన్న ఆకుపచ్చ జతకు సగటున నాలుగు పిల్లలలో ఒకటి నీలముగా పుట్టును. కాబట్టి "అరుదు" అను మాట ఎల్లకాలము నిలుచునది కాదు. దానికై అప్పు చేయుట అవివేకము.

కొనుటకు ముందు ఈ క్రింది విషయములు పరిశీలింపుడు.

1. రెక్క క్రింది ఈకలను విడదీసి మొదళ్లు చూడుడు. మొదట ఒక రంగు, చివర ఒక రంగు ఉండి అతుకు తెలియుచున్నచో కొనవద్దు.
2. తడి తెల్లగుడ్డతో మెల్లగా తుడువుడు. గుడ్డకు రంగు అంటరాదు.
3. తల్లిదండ్రులను చూపుమనుడు. పెంచి అమ్మువాడు చూపగలడు.
4. కాలికి అతుకులేని కడియమున్నదేమో చూడుడు. అది పిల్ల పుట్టిన కొద్ది దినములలోనే తొడుగవలెను. పెరిగిన కాలికి ఎక్కదు.
5. రసీదు తీసికొనుడు. రసీదు ఇవ్వనివాని వద్ద కొనకుడు.

చట్టమును కూడ మరువరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన రామచిలుకను పట్టుట, అమ్ముట, కొనుట, పంజరములో పెట్టుట నేరము. ఈకకు రంగు వేసినంతనే నేరము మాసిపోదు. విదేశీ చిలుకలలో చాల జాతులను 2024 నియమముల ప్రకారము పరివేష్ వెబ్‌సైటులో నమోదు చేయించవలెను. బడ్జరిగారు, కాకటీలు వంటి కొన్నిటికే ఆ అవసరము లేదు.

చిలుకలు మన మొక్కజొన్న కంకులు తినుచున్నవి, పట్టుకొనిపోయిన మంచిదే కదా అని కొందరందురు. తొర్రలోని నాలుగు పిల్లలను తీసినంతమాత్రమున చేనికి కావలి కాదు. చేనిలో మెరుపు రిబ్బన్లు కట్టుట, కంకి పాలుపోసికొను దినములలో కావలి ఉండుట మేలు.

పంచాయతీ కార్యదర్శులకు, సర్పంచులకు నా మనవి ఇది. నగరములో రంగు పూయబడు చిలుక మన ఊరి చెట్టుతొర్రలోనే పుట్టినది. చలికాలము నుండి ఎండలు ముదురువరకు పిల్లల కొరకు చెట్లెక్కువారు వచ్చెదరు. వారిని గమనించి అటవీ సిబ్బందికి తెలుపుడు. కొనువారు వంశమడుగుట నేర్చి, ఊరివారు తొర్రలను కాచినచో, రంగు డబ్బాతో బ్రతుకు వర్తకునికి పనియుండదు.