ఈ నెల మాట: అనుమతి

దుబాయ్, షార్జాల్లో కొన్ని ఫ్లాట్లలో రెండు మూడు కుటుంబాలుంటాయి, వైఫై ఒకటే. ఇంటిల్లిపాది ఫైళ్లూ దాచుకునే డిస్కు పెట్టెను నాస్ అంటారు. అందులో ఫోల్డరును గెస్టులకు తెరిచి ఉంచితే, మీ పాస్‌పోర్టు కాపీని పక్క గదివాళ్లూ చూడగలరు.

ముందు గెస్ట్ ఖాతా ఆపండి. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ఖాతా, పాస్‌వర్డ్ ఇవ్వండి. తర్వాత ఏ ఫోల్డరు ఎవరికో నిర్ణయించండి.

“చదవడం మాత్రమే” అంటే చూడవచ్చు, మార్చలేరు. “చదవడం, రాయడం” అంటే చెరిపేయవచ్చు కూడా. మారిషస్‌కో డర్బన్‌కో ఓడెక్కిన ముత్తాతల ఒప్పంద కాగితాల స్కాన్లుంటే, పిల్లలకు చదివే అనుమతి చాలు. రాసే అనుమతి ఒక్కరికే ఉండాలి.

అనుమతి ఫైళ్లను చెరిపే చేతిని ఆపుతుంది; డిస్కు పాడైతే కాపాడలేదు. ఆ స్కాన్ల మరో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.